శని, ఆదివారాల మనిషి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే జనం నోరెళ్లబెట్టి చూసే రోజులవి. నా ఉద్యోగం బెంగళూరులో, కాపురం సికింద్రాబాద్ లాలాగూడలో. మా ఆవిడ ఇక్కడే బళ్లో టీచరు. ఆర్నెల్ల పనే అని చెప్పి వెళ్లాను. మూడేళ్లు సాగింది. శుక్రవారం సాయంత్రం రైలెక్కడం, ఆదివారం సాయంత్రం మళ్లీ ఎక్కడం.

శనివారం తెల్లారి, సికింద్రాబాద్ రాకముందే పెట్టెలో మగాళ్లంతా లేచేవాళ్లం. అందరివీ ఒకే రకం నల్ల బ్యాగులు, ఒకే రకం ఉబ్బిన మొహాలు. ఎవరో టిఫిన్ బాక్సు కడిగితే పడ్డ అన్నం వాష్‌బేసిన్ తూముకి అడ్డం పడి ఉండేది. నీళ్లు దిగేవి కావు. దాని మీదే ఒకడి తర్వాత ఒకడు పేస్టు నురగ ఉమ్మేవాళ్లం. ఛీ అనుకుంటూనే నేనూ ఉమ్మేవాణ్ణి. ఇంటికెళ్లి తోముకోవచ్చు కదా అంటే, ఇంటికెళ్లగానే పడుకోవాలి మరి.

ఇంతా చేసి ఇంటికి తెచ్చేదేమిటయ్యా అంటే, వారం రోజుల మురికిబట్టలు. బ్యాగు జిప్పు తీస్తే చెమట కంపు గదంతా కొట్టేది. మా ఆవిడ వాటిని బకెట్లో నానబెట్టేది. వానాకాలంలో అవి ఆరేవి కావు. సగం ఆరిన చొక్కాలే మడిచి పట్టుకుపోయి, సోమవారం ఆఫీసులో ముక్కిన వాసన కొడుతూ కూర్చునేవాణ్ణి.

ఈలోగా మా కంపెనీ హైదరాబాదులోనూ ఆఫీసు తెరిచింది. బదిలీ అడిగితే చాలు.

"అడిగారా?" అనేది మా ఆవిడ ప్రతి శనివారం.

"అడిగాను. చూద్దామన్నారు," అనేవాణ్ణి.

ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే టీమ్ లీడర్ని చెయ్యరేమోనని భయం. ఆవిడ నమ్మేది. నమ్మినకొద్దీ నా మీద నాకే రోత పుట్టేది. రోత పుట్టినా నిద్ర మాత్రం బాగానే పట్టేది. ఆదివారం ఆవిడా, నాలుగేళ్ల మా పాపా చర్చికి వెళ్లొచ్చేసరికి నేనింకా గురకలు పెడుతూ ఉండేవాణ్ణి.

ఒక ఆదివారం ఆవిడ మొండికేసింది. "పాప సండే స్కూలు పిల్లలతో పాట పాడుతోంది. ఈ వారమైనా రండి."

వెళ్లాను, ముక్కిన వాసన చొక్కాతోనే. మా పెళ్లి జరిగిన చర్చి అది. ఇంటికి నాలుగు వీధుల అవతల. పాత పాస్టరు అయ్యగారు బదిలీ అయి, కొత్తాయన వచ్చి ఏడాది దాటిందట. నాకు తెలీదు. పాట అయ్యాక పాప మగవాళ్ల వైపు వచ్చి నా పక్కన కూర్చుంది.

మా చర్చిలో ఒక అలవాటుంది. ఆరాధన చివర్లో అయ్యగారు, "కొత్తగా వచ్చినవాళ్లు లేచి నిలబడండి," అంటారు. లేచినవాళ్లు తమ ఊరు చెబుతారు, సంఘమంతా చప్పట్లు కొడుతుంది. ఆ రోజు ఒక ముసలాయన లేచి కాకినాడ అన్నాడు. నేనూ చప్పట్లు కొట్టాను.

పాప నా చొక్కా పట్టుకుని లాగింది. "డాడీ, లే. నువ్వు కూడా."

"నేనెందుకమ్మా?"

"ఊరి నుంచి వచ్చావ్ కదా," అంది, నా తప్పు దిద్దుతున్నట్టు.

ముందు వరసల్లో తలలు తిరిగాయి. అయ్యగారు నా వైపు చూసి నవ్వారు. "ఎక్కడి నుంచి వచ్చారు బాబూ?"

లేచాను. లాలాగూడ అనాలి. నాలుగు వీధుల అవతలే మా ఇల్లు అనాలి. ఆడవాళ్ల వైపు నుంచి మా ఆవిడ నన్నే చూస్తోంది.

"బెంగళూరండీ," అన్నాను.

సంఘమంతా చప్పట్లు కొట్టింది. మా ఆవిడ చేతులు ఒళ్లోనే ఉన్నాయి. పాప మాత్రం, నేను సరిగ్గా చెప్పానని, అందరికంటే గట్టిగా కొట్టింది.