గ్రాఫిక్స్ కార్డుకు మంచి పక్క ఏది?

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. అందుకని ధర్మవరంలోని మా ఇంట్లో ఏ కరెంటు వస్తువు పాడైనా నన్నే పిలుస్తారు. నేను చదివింది బీఎస్సీ కంప్యూటర్స్. సిలబస్‌లో మిక్సీ లేదని చెప్పినా ఎవరూ నమ్మరు.

పోయిన నెలలో బెంగళూరులో చీరల డిజైన్లు చేసే ఒక కంపెనీ నాకు పరీక్ష పెట్టింది. వాళ్ళు పంపిన డిజైనును కంప్యూటర్‌లోనే చీరగా మార్చాలి, ఒక ఆడమనిషి బొమ్మకు కట్టాలి, ఆ బొమ్మ నాలుగడుగులు నడిచేటట్టు వీడియో చేసి శనివారం సాయంత్రంలోగా పంపాలి. నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే వేరేవాళ్ళను చూసుకుంటారు.

నా ల్యాప్‌టాప్ డిగ్రీలో చేరినప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. బొమ్మకు చీర కట్టేంతవరకు ఓర్చుకునేది. నడవమంటే మాత్రం బొమ్మ ఆగిపోయేది, దాంతోపాటు ల్యాప్‌టాప్ కూడా. ఒకసారి ఎత్తిన కాలును మేం అన్నాలు తిని వచ్చేదాకా ఎత్తే ఉంచింది.

హాస్టల్ స్నేహితురాలికి చెప్పుకుంటే, తన డెస్క్‌టాప్‌లోంచి తీసేసిన పాత గ్రాఫిక్స్ కార్డును, దాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించే చిన్న బోర్డును, ఒక పవర్ సప్లై డబ్బాను అట్టపెట్టెలో పెట్టి బస్సులో పంపింది. బొమ్మను నడిపించే బరువంతా ఆ కార్డు మోస్తుంది. ల్యాప్‌టాప్ అడుగు విప్పి, వైఫై ముక్క తీసేసి, ఆ సందులో బోర్డు తీగ గుచ్చాలి. కార్డు చూపించేదాన్ని చూడడానికి వేరే తెర కావాలి. మా ఇంట్లో ఉన్న వేరే తెర అమ్మ టీవీ.

"ఎంతసేపు?" అంది అమ్మ.

"గంటలో ఇచ్చేస్తానమ్మా."

"నీ గంట నాకు తెల్దా! పోయిన తూరి మిక్సీ గంటలో చేస్తానంటివి. ఉగాదికి రోట్లో రుబ్బితి."

శుక్రవారం పొద్దున మగ్గం పక్కన పీట వేసి అన్నీ పరిచాను. నాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని నేస్తున్నాడు. ముందు కార్డుకు కరెంటు ఇచ్చి, తర్వాత ల్యాప్‌టాప్ ఆన్ చేశాను. కార్డు మీది ఫ్యాను తిరిగింది. ల్యాప్‌టాప్ నల్లగా ఉండిపోయింది. టీవీ 'నో సిగ్నల్' అంది. ముందు ల్యాప్‌టాప్, తర్వాత కార్డు అని వరస మార్చాను. టీవీ మాట మార్చలేదు. తీగ తీసి, ఊది, మళ్ళీ గుచ్చాను. కార్డు లేకుండా చూస్తే ల్యాప్‌టాప్ బుద్ధిగా లేచింది. కార్డు పెడితే పడుకుంది.

"ఏం పాపా, దేనికి తిరుగుతాండాది ఆ ఫ్యాను?" అన్నాడు నాయన.

"కార్డు వేడెక్కకుండా నాయనా."

"పనే చేయల్యా, వేడి యాడ్నించి వచ్చాది?"

కార్డు మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది.

ఫోన్‌లో వెతికాను. ఇలాంటి ల్యాప్‌టాప్‌తోనే అవస్థపడిన మనిషి ఒకడు రాసిపెట్టాడు. కార్డు అంచున రెండు పక్కలా బంగారు రంగు పళ్ళ వరస ఉంటుంది. వాటిలో ఐదోది, ఆరోది ల్యాప్‌టాప్‌తో ఏవో అక్కర్లేని మాటలు మాట్లాడతాయట. ఆ మాటలకు తికమకపడి అది లేవదట. ఆ రెండింటి మీద టేపు ముక్క అతికిస్తే చాలట. కింద ఫోటో కూడా పెట్టాడు.

నవ్వొచ్చింది. ఇది నాకు చిన్నప్పటి నుంచీ చేతనైన పని. మా మగ్గం పైన డిజైను పోగుల్ని లేపే జకార్డు ఉంటుంది. దానికి వేలాడే అట్టల్లో బొక్క ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. తప్పు బొక్క పడితే చీర పొడుగునా నెమళ్ళకు మూడో కాలు వస్తుంది. అప్పుడు ఆ బొక్క మీద కాగితం ముక్క అతికించాలి. బడికి పోయే రోజుల నుంచి మా ఇంట్లో ఆ అతుకులు నావే.

బ్లేడుతో టేపును సన్నగా కోసి, అంచు లేవకుండా అతికించి, గోటితో అదిమాను. స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది. నో సిగ్నల్.

పీకేసి ఇంకా చక్కగా అతికించాను. నో సిగ్నల్.

మధ్యాహ్నమైంది. బెంగళూరుకు ఫోన్ చేసి ఇంకో వారం ఇవ్వమని అడగాలా, నావల్ల కాదని చెప్పేయాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

"చదివినోళ్ళంతా బ్యాంకు పరీక్షలు రాస్తాండారు," అంది అమ్మ వంటింట్లోంచి. "నువ్వు బొమ్మకు చీర కడతా కూచో."

నాయన అన్నానికని గుంతలోంచి లేచాడు. నా ఫోన్ తీసుకొని ఫోటో చూశాడు. తర్వాత కార్డు చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు.

"ఈ ఫోటోలో ఫ్యాను కనపడతాండాది."

"ఊ."

"నువ్వు అతికించిన పక్క ఫ్యాను యాడుండాది?"

"కింద."

"కిందెందుకు పెట్టినావు?"

"మంచి పక్క కిందనే కదా నాయనా ఉండేది."

మా మగ్గం మీద చీర బోర్లా నేస్తారు. మంచి పక్క నేలవైపు ఉంటుంది, నేసేవాడికి కనిపించేది వెనక పక్క. పుట్టినప్పటి నుంచీ అదే చూస్తున్నాను కాబట్టి ఏ డిజైను కనబడినా మనసులో తిరగేసే చదువుతాను. ఫోటోలో ఉన్నది మంచి పక్క, పని చేయాల్సింది వెనక పక్క అని నా చేతులు వాటికవే తీర్మానించుకున్నాయి. నన్ను అడగలేదు.

"అది మగ్గానికి పాపా," అన్నాడు నాయన.

"ఏమైందంట?" అని కేకేసింది అమ్మ.

"ఏం ల్యా. కార్డును బోర్లా పండుకోబెట్టింది నీ కూతురు."

పాత టేపు పీకేసి, కార్డు తిప్పి, ఫ్యాను ఉన్న పక్క ఐదో పన్నుకూ ఆరో పన్నుకూ టేపు వేశాను. ల్యాప్‌టాప్ ఏమీ జరగనట్టు లేచింది. కార్డును గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఎక్కేసరికి ఇంకాస్త పొద్దు పోయింది. తర్వాత టీవీ ఒకసారి కన్నుమూసి తెరిచి, నీలం చీర కట్టుకున్న బొమ్మను చూపించింది. నడవమన్నాను. నడిచింది.

నేను గట్టిగా అరిచానట. అమ్మ చేతి పిండి దులుపుకుంటూ వచ్చి, బొమ్మ చివరిదాకా నడిచేవరకు నిలబడి చూసింది.

"కొంగు బాగా పడినాది. నడక మాత్రం పోలీసు మాదిరి ఉండాది. పట్టుచీర కట్టుకున్నోళ్ళు అట్ల నడుస్తారా?"

"ఎట్ల నడుస్తారు?"

వసారాలో ఆ చివరికీ ఈ చివరికీ నడిచి చూపించింది. బొమ్మ అడుగు తగ్గించాను. శనివారం పొద్దు దిగకముందే, ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు తీగతో తగిలించి, దాని నెట్‌తో వీడియో పంపాను.

తర్వాతి వారం కంపెనీ మేడమ్ ఫోన్ చేసింది. "చీరకు నిజంగా బరువున్నట్టే ఉందమ్మా. ఏ సిస్టమ్ మీద చేశావు?"

"కొంచెం పాతది మేడమ్. పీట మీద ఉంది."

ఆమె నవ్వేసింది. తర్వాత ఒకటో తారీఖు నుంచి పనిలో చేరమంది.

"నాయనా, ఉద్యోగం వచ్చింది!"

మగ్గం ఆగింది. "ఏం పని?"

"చీర నేయకముందే కట్టి చూపించేది."

"నేయకుండానే?"

"నేయకుండానే."

నాయన బాగా ఆలోచించాడు. "మంచి పనే. నడుము నొయ్యదు."

అమ్మ వంటింట్లోకి పోయింది. చక్కెర డబ్బా తెచ్చి నా నోట్లో గుప్పెడు పోసింది. అది కరిగేదాకా మాట్లాడలేకపోయాను. ఇంట్లో ఉన్న ఇద్దరికీ చెప్పడం అయిపోయింది. కరగ్గానే చెప్పులేసుకొని, వీధిలోవాళ్ళకు చెప్పడానికి పోయాను.