ప్రింటరుకు పునాది

మా కోయంబత్తూరు తెలుగిళ్ళలో ఒకప్పుడు ఏ వస్తువునైనా అంగడికి పోయి కొనుక్కురావడం చేతకానితనం కిందే లెక్క. ఇంటి గేటు, బావి మోటారు, పిండి రుబ్బే గ్రైండరు, చివరికి అమ్మ వడియాలు ఎండబెట్టుకునే మంచం కాళ్ళు కూడా మావాళ్ళే పోత పోసో, వెల్డింగు పెట్టో చేసుకునేవారు. పెళ్ళికూతుళ్ళను మాత్రం బయటినుంచి తెచ్చుకునేవారు, అదీ అచ్చు దొరక్క. తాతల తాతలు ఎప్పుడో నాగళ్ళు భుజాన వేసుకుని ఈ నల్లరేగడి నేలకు వచ్చారట. మొదట పత్తి పండించారు, ఆ పైన పత్తి మిల్లులకు కావలసిన ఇనుము పోశారు. భాష మాత్రం వంటింట్లో అలాగే మిగిలిపోయింది. (మాట్లాడే భాష అంటున్నాను. రాయడం నేను ముప్పై దాటాక, నా కూతురి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఇందులో తప్పులుంటే ఆమెనే అడగండి, దిద్దింది ఆమే.) అలాంటి ఇంట్లో పుట్టి, ఫోటోలు ప్రింటు వేసుకుని బతుకుతానని బయలుదేరిన మహానుభావుణ్ణి నేను.

పీలమేడులో మా ఇంటి వెనక వీధిలోనే నాయన ఫౌండ్రీ. పంపులకు కావలసిన పోతలు పోసేవాడు. నన్ను మెకానికల్ ఇంజనీరింగ్ చదివించింది అందులో కూర్చోబెట్టడానికే. నేను మాత్రం కాలేజీలో ఉన్నన్నాళ్ళూ కెమెరా మెడలో వేసుకుని తిరిగాను. పట్టా చేతికి రాగానే, తలుపంత ఫోటోలు వేసే పెద్ద ప్రింటరు కొని అంగడి పెడతానన్నాను. నాయన అరవలేదు, కొట్టలేదు. బనీను వేసుకుని వాకిట్లో కూర్చుని చాలాసేపు మీసం దువ్వుకుని ఒక షరతు పెట్టాడు. "ఆవణి నెలలో మీ అత్తకూతురి పెండ్లి ఉండాది. మండపం వాకిట్లో పిల్లాపిలగాని బొమ్మ నిలువెత్తు నువ్వే పెట్టల్ల. నలుగురూ మెచ్చుకున్నారా, సరి, నీ దావన నువ్వు పో. లేదా, పెండ్లయిన సోమవారం ఫౌండ్రీకి రా." ఆ ఆఖరి మాట విన్నప్పుడల్లా నాకు ఇసుక, మసి, కొలిమి వేడి అన్నీ ఒక్కసారి ముక్కులోకి కొట్టేవి. (ఆ అత్తకూతురు నాకు వరసకు మరదలే. కానీ చిన్నప్పటినుంచీ నన్ను దగ్గర నుంచి చూసింది కనుక, చిన్నమనూరు ద్రాక్షతోటల సంబంధం రాగానే తడుముకోకుండా ఒప్పుకుంది.)

ప్రింటరు ఖాయమయింది. స్టాండు విడిగా కొనుక్కోవాలన్నారు. దాన్ని చూడటానికి నాయనను కూడా షోరూముకు తీసుకుపోవడం నా మొదటి తెలివితక్కువ పని. నాయన దాని చుట్టూ తిరిగాడు. రెండు చేతులతో పట్టి ఊపాడు. నడుము ఆనించి నెట్టాడు. అది నున్నగా జరిగి గోడ దాకా పోయి ఆగింది. నాయన ముఖం చూడాలి అప్పుడు! "ఏందిరా ఇది? మిషనుకు చక్రాలా? మిషనా, తోపుడుబండా? ఇంత బరువు దీని మీద పెడితే ఊరు దాటిపోతుంది."

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ చదువుకున్నవాణ్ణి కదా, ఊరుకుంటానా! ప్రింటరులో సిరా చల్లే తల అటూ ఇటూ పరుగెత్తుతుంది నాయనా, కింద కాళ్ళు అదిరితే బొమ్మలో గీతలు పడతాయి, కనుక స్టాండు ఎంత బరువుంటే అంత మంచిది, ఎంత బిగించితే అంత శ్రేష్ఠం అని షోరూము మధ్యలో నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. కాలేజీలో ఏ పరీక్షలోనూ అంత బాగా జవాబు చెప్పలేదు. నాయన నా వైపు మొట్టమొదటిసారి గౌరవంగా చూశాడు. "అట్ల చెప్పు! ఇంజనీరు అన్నాక ఇట్ల మాట్లాడల్ల," అన్నాడు. షోరూము పిల్లవాడు "సార్, చక్రం ఎందుకంటే..." అని తమిళంలో ఏదో చెప్పబోయాడు. మేమిద్దరం వాడి వైపు జాలిగా చూసి బయటికి వచ్చేశాం.

స్టాండు గీత నేనే గీశాను. లేత్ మిషనుకు వేసే కాళ్ళ అచ్చు నాయన దగ్గర ఉండనే ఉంది. ఆ వారమంతా ఫౌండ్రీలో పంపుల పని పక్కకు పోయింది. నాయన తానే దగ్గరుండి ఇనుము కరిగించి, కాళ్ళు పోయించి, సాన పట్టించి, పచ్చ పెయింటు కొట్టించాడు. ఇంట్లో వంటింటిని ఆనుకుని పాత పత్తిగది ఒకటి ఉండేది, అదే నా అంగడి. అందులో నేల తవ్వి, కంకర కాంక్రీటు పోసి, బోల్టులు దింపి, రసమట్టం పెట్టి, స్టాండును భూదేవికి బిగించేశాం. యంత్రం తూర్పు చూడాలన్నాడు నాయన. దాంతో దాని వీపు వంటింటి గోడకు జానెడు దూరంలోకి వచ్చింది. కొబ్బరికాయ కొట్టాం, నిమ్మకాయలు కోసి పెట్టాం, బూడిదగుమ్మడి పగలగొట్టాం. ఎవరూ విప్పకుండా ఉండాలని నాయన ఆ నట్లకు వెల్డింగు కూడా పెట్టించాడు. ఫోటోల పేరెత్తితే ముఖం తిప్పుకునే మనిషి, రోజూ పొద్దున కాఫీ గ్లాసుతో వచ్చి ఆ స్టాండు పక్కన నిలబడేవాడు. నాకు లోపల సంతోషంగానే ఉండేది, ఎందుకు దాచాలి? ప్రింటరుతో పాటు వచ్చే పుస్తకం ముందే ఇచ్చారు. నేనందులో బొమ్మలు చూశాను. బొమ్మల్లో ప్రింటరు ముందువైపు చాలా అందంగా ఉంది.

ప్రింటరు వచ్చింది. ఫౌండ్రీ మనుషులు ఊపిరి బిగబట్టి దాన్ని ఎత్తి స్టాండు మీద కూర్చోబెట్టారు. కంపెనీ నుంచి బిగించి చూపించడానికి ఒక తమిళ కుర్రాడు, తంబి, వచ్చాడు. స్టాండును కింది నుంచి పైదాకా చూసి, చెప్పులు విప్పి, "ఇదు ఎన్న సార్, లేత్ మిషన్ స్టాండా?" అన్నాడు. కాదు, ప్రింటరు కోసమే పోశామన్నాడు నాయన. తంబి రెండు చేతులూ వేసి నెట్టి చూశాడు.

"నగరాదా సార్?" అన్నాడు, అంటే జరగదా అని.

"కదలదు," అన్నాడు నాయన ఛాతీ విరుచుకుని. "అదే దాని గొప్ప. ఏనుగును తెచ్చుకో, అది కూడా కదిలించలేదు."

తంబి మెల్లగా గోడ సందులోకి తల పెట్టి చూశాడు. తల పట్టింది, భుజాలు పట్టలేదు. తల బయటికి తీసి చాలా మర్యాదగా "పేపర్ పిన్నాడి దాన్ సార్ పోడణుం," అన్నాడు. కాగితం చుట్ట వెనకవైపు నుంచే ఎక్కించాలట. ఎక్కించేటప్పుడల్లా ప్రింటరును ముందుకు లాక్కోవాలట. చక్రాలు అందుకట.

నాయన నా వైపు తిరిగాడు. ఇంజనీరు అన్నాక ఇలాంటప్పుడు కూడా మాట్లాడాలి. పెళ్ళి ఆ వారంలోనే. కాంక్రీటు పగలగొడదామా అన్నాను నసుగుతూ. "కొబ్బరికాయ కొట్టిన పునాదిని పీకుతారంట్రా ఎవరన్నా? పెండ్లి ఎదురుగా పెట్టుకుని?" అని కసిరాడు. కాగితం అయిపోయినప్పుడల్లా ఫౌండ్రీ మనుషుల్ని పిలిచి ప్రింటరును దింపుకుందామంటే, వాళ్ళు అప్పటికే నడుములు పట్టుకుని వాకిట్లో కూర్చుని ఉన్నారు. నాయన చాలాసేపు స్టాండును చూశాడు, ప్రింటరును చూశాడు, ఆ తరువాత గోడను చూశాడు. "గోడేముండాది, సుమ్మా, ఉత్త ఇటుకలు," అన్నాడు.

మొదటి సమ్మెట దెబ్బకు వంటింట్లోంచి అమ్మ కేక వినిపించింది. "ఏనుంగో! నా ఊరగాయ జాడీలుండాయి ఆడ! నిలపండి, నిలపండి!" (మా కోయంబత్తూరు ఆడవాళ్ళు మొగుణ్ణి ఎంత కోపంలోనైనా అలా మర్యాదగానే, ఏమండీ అన్నట్టు, పిలుస్తారు. తిట్టేది ఆ తరువాత.) జాడీలు పక్కింటికి చేరాయి. సాయంత్రానికి గోడలో కిటికీ అంత కంత పడింది. ఇంగ చూసుకోండి మా అంగడి వైభవం! ప్రింటరు ముఖం తూర్పు గదిలో, వీపు మా అమ్మ వంటింట్లో, గ్రైండరుకూ బియ్యం డ్రమ్ముకూ మధ్య. కాగితం చుట్ట ఎక్కించే బాధ్యత కూడా అమ్మదే అయింది. "మీ నాయన మిషనుకు కాళ్ళు పోసినాడు, నేను దానికి అన్నం పెట్టల్ల," అని గొణుక్కుంటూనే చేతులు సబ్బుతో కడుక్కుని ఎక్కించేది.

ప్రింటు సరిగా వస్తుందో లేదో పరీక్షించాలి కదా. దేన్ని వేసి చూడాలి? వేరే బొమ్మలు లేనట్టు, నా బొమ్మే వేసుకున్నాను, నిలువెత్తున. రంగు కొంచెం తక్కువనిపించి ఇంకొకటి వేశాను. జుట్టు ఇంకా నల్లగా ఉండాలనిపించి మరొకటి. అలా నన్ను నేను మెచ్చుకుంటూ చుట్ట ఖాళీ చేసి, పెళ్ళి బొమ్మకు సరిపడా కాగితం మాత్రం మిగిల్చాను. కొత్త చుట్ట చెన్నై నుంచి రావాలి, అదీ పెళ్ళయ్యాకే.

పెళ్ళికి ముందురోజు పొద్దున బొమ్మ మొదలుపెట్టాను. ప్రింటు అయ్యేదాకా పొయ్యి వెలిగించకూడదని అమ్మకు గట్టిగా చెప్పాను. అమ్మ సరేనంది. కానీ ఇంటినిండా చుట్టాలు. సాంబారు అప్పటికే ఉడికిపోయి తాలింపు కోసం ఎదురుచూస్తోంది. మరదలి నుదురు వచ్చింది, కళ్ళు వచ్చాయి, ముక్కుపుడక మెరుస్తూ వచ్చింది. నేను ఆనందంతో ఊగిపోతున్నాను. అంతలో గోడ అవతల "చుయ్" మని నూనెలో ఆవాలు చిటపటలాడాయి. "అమ్మా!" అని అరిచాను. "ఒక్క నిమిషమేరా, ఒక్క తాలింపు!" అంది అమ్మ. ఆ ఒక్క తాలింపులోంచి ఒక్క ఆవగింజ ఎగిరి, కాగితం మీద పడి, దాంతోపాటే లోపలికి పోయి, సిరా తల కింద నలిగి, ఇవతల మరదలి ఎడమ బుగ్గ మీద నల్లగా, గుండ్రంగా బయటికి వచ్చింది. దూదితో తుడిచాను. ఇంకా గుండ్రంగా అయింది.

ఏడవలేదు కానీ ఏడ్చినంత పనయింది. అమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. ఆమెను ఏమనగలను? నా ముఖాలే గదంతా ఆరేసి ఉన్నాయి, నన్ను చూసి నవ్వుతూ.

మరునాడు మండపం వాకిట్లో, అలంకరణవాళ్ళ మడత స్టాండు మీద బొమ్మ నిలబెట్టి, నేను పూలతోరణాల వెనక స్తంభం చాటున దాక్కున్నాను. నా కళ్ళకు బొమ్మంతా ఆ చుక్కే. అత్త వచ్చింది, పట్టుచీర సర్దుకుంటూ ఆగింది, వంగి చూసింది. "అయ్యో, నా బంగారుకొండా!" అని ఒక్క అరుపు అరిచింది. "బొమ్మకు కూడా దిష్టిచుక్క పెట్టినాడు సూడండే! ఇంత జ్ఞానం ఎవురికి వస్తుంది! అదీ మగపిల్లోడికి!" అంతే, ఆడవాళ్ళంతా గుమిగూడారు. చిన్నమనూరు వియ్యపురాలు కూడా ముక్కు మీద వేలేసుకుని మెచ్చుకుంది. నేను స్తంభం చాటు నుంచి బయటికి వచ్చి, అదంతా ఆలోచించే చేశానన్నట్టు తల పంకించాను. ముహూర్తానికి పోతూ పోతూ మరదలు మాత్రం బొమ్మ దగ్గర ఆగి, ముక్కు ఎగబీల్చి, "బావా, నా బుగ్గ సాంబారు వాసన వస్తుండాదే," అని నా చెవిలో చెప్పి నవ్వుకుంటూ పోయింది.

ఇక నాయన రావాలి. వచ్చాడు, తెల్లపంచె మడిచి కట్టుకుని. జనం దారి ఇచ్చారు. అత్త ఎదురుపోయి నన్ను పొగిడింది. నాయన వినలేదు. పిల్లను చూడలేదు, పిలగాణ్ణి చూడలేదు, చుక్కను చూడలేదు. నేరుగా వంగి ఆ మడత స్టాండును రెండు చేతులా పట్టి ఊపాడు. బొమ్మ అటూ ఇటూ ఊగింది. నాయన నిటారుగా నిలబడి చేతులు దులుపుకున్నాడు. "సోమవారం ఫౌండ్రీకి రా," అన్నాడు.

నాదస్వరం మోగుతున్నా నాకు వినబడలేదు. అందరూ మెచ్చుకున్నారు కదా నాయనా అని అడగబోయి, "వస్తాను నాయనా," అన్నాను.

"దీనికొక స్టాండు పోద్దాం," అన్నాడు నాయన ఇంకా ఆ కాళ్ళ వంకే అసహ్యంగా చూస్తూ. "నీ బొమ్మను ఇట్ల ఊదుబత్తి పుల్లల మీద నిలబెడితే నాకేమి మర్యాద? ఇంగ ఊళ్ళో పెండ్లిండ్లన్నిటికీ నువ్వే కదా పెట్టేది." అని భోజనాల పంతికి పోయి కూర్చున్నాడు. నేను అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. హోమం పొగ అని అత్తకు చెప్పాను. హోమం ఇంకా మొదలే కాలేదు.

నాయన ఆ స్టాండు పోశాడు. లారీలో తెచ్చి మండపం వాకిట్లో దింపించాడు. దింపినవాళ్ళు మళ్ళీ ఎత్తడానికి ఒప్పుకోలేదు, కనుక అది అక్కడే ఉండిపోయింది. నా అంగడి ఇప్పుడు పెద్ద రోడ్డు మీద ఉంది. ప్రింటర్లు మారాయి, అన్నిటికీ చక్రాలే. నాయన వచ్చినప్పుడల్లా ఆ చక్రాలకు అడ్డంగా ఇటుకలు పెట్టి పోతాడు, నేను తియ్యను. మొన్న ఒక పెళ్ళికి పోతే, ఆ మండపానికి కొత్తగా వచ్చిన మేనేజరు ఆ ఇనుప స్టాండు పక్కన నిలబడి తల పట్టుకుని, ఇది ఎవరిదో తెలిస్తే తీసేయమని చెబుదామనుకుంటున్నానండీ అని వచ్చేపోయేవాళ్ళనంతా అడుగుతున్నాడు. అప్పట్లో అయితే స్తంభం చాటుకు పోయి ఉండేవాణ్ణి. నలుగురికీ వినబడేలా, "మాది సార్, మా నాయన పోసింది," అన్నాను. ఎలా తీసుకుపోవాలో మాత్రం ఇప్పటికీ తోచలేదు.