ఇనుప రేకులోంచి వచ్చిన గొంతు

కేసముద్రంలో మా అన్నకు మేడ మీద పెళ్లి వీడియోల షాపు ఉండేది. అన్న షూటింగులకు పోయేవాడు, నేను కంప్యూటర్ ముందు కూర్చుని మిక్సింగ్ చేసేదాన్ని. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక పెళ్లివాళ్లకన్నా పాటలవాళ్లే ఎక్కువ రావడం మొదలైంది. దీక్షా శిబిరంలో పాడిన పాట సీడీలోకి ఎక్కాలి, ఆటోకు కట్టిన మైకులో ఊరూరా తిరగాలి. అందుకని షాపు వెనక గదిలో గోడలకు పాత బొంతలు కొట్టి, మార్కెట్ యార్డుకు పోయే లారీల మోత లోపలికి రాకుండా చేసుకున్నాం. బొంతలు మోతతో పాటు పాటలోని కళను కూడా లాగేసుకుంటాయని మాకప్పుడు తెలియదు.

ఒకరోజు దగ్గర్లోని తండా నుంచి ఒకామె వచ్చింది. నాకన్నా కొంచెం పెద్దది. శిబిరంలో ఆమె పాడుతుంటే రోడ్డున పోయేవాళ్లు సైకిళ్లు ఆపుకుని వినడం చూశాను. ఆ రోజు పత్తి ఏరే పని మానుకుని వచ్చింది. నాట్ల పాట వరసలో తనే కట్టుకున్న పాటను ఆగకుండా పాడేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నది. ముఖం చిన్నబోయింది.

“గిది నా గొంతేనా చెల్లే? బొంత కప్పుకొని పాడినట్టున్నది.”

అంతకు ముందే నేను నెట్‌లో వెతికి, మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే ఒక రివర్బ్ ప్లగిన్ దించుకున్నాను. పాడిన మాట పెద్ద హాలులో గోడలకు తగిలి తిరిగొచ్చినట్టు, వెనకాల కాసేపు సాగేలా చేస్తుందది. ఉచితంగా దొరికింది. కానీ నెట్ డాంగిల్‌తో దించుకునేసరికి తాతలు దిగొచ్చారు. కరెంటు పోయినప్పుడల్లా మళ్లీ మొదటికే వచ్చేది. తెరిస్తే పాతకాలపు ఇనుప పెట్టె బొమ్మ కనిపిస్తుంది. దాని మీద రేడియోకు ఉన్నట్టు గుండీలు, ఒక ముల్లు. ఆమె పాటకు దాన్ని తగిలించి, ఒక గుండీ కొంచెం తిప్పాను.

ఆమె హెడ్‌ఫోన్‌ను రెండు చేతులతో చెవులకు అదుముకుంది. “గీ హాలు యాడున్నది?”

“యాడ లేదక్కా. కంప్యూటరే చేస్తది.”

“లేని హాల్ల నా గొంతెట్ల తిరుగుతది?”

నాకూ తెలియదు. వాడటమే తప్ప, అదేమిటో ఎన్నడూ ఆలోచించలేదు. ఇద్దరం కలిసి దాని సహాయం పేజీ తెరిచాం. నేను కూడబలుక్కుంటూ చదివి, తెలుగులో చెప్పాను. వెనకటికి పెద్ద స్టూడియోల్లో పల్చటి ఇనుప రేకును వేలాడదీసి, పాటతో దాన్ని వణికించి, ఆ వణుకును మళ్లీ పట్టుకుని పాటలో కలిపేవారట. ఈ ప్లగిన్ ఆ రేకుకు నకలు.

“రేకేనా!” అన్నది ఆమె. “కింద వెల్డింగ్ షాపుల మస్తున్నయి గదా. పా, చూద్దాం.”

వెల్డింగ్ షాపాయనను మేము కాకా అని పిలిచేవాళ్లం. “పాటకు రేకెందుకు బిడ్డా?” అని ఆయన అడిగాడు.

“ఊకెనే కాకా, ఎట్ల మోగుతదో చూస్తం. ఖరాబు చెయ్యం,” అన్నాను.

నవ్వుకుంటూనే గేటు చేయడానికి తెచ్చిన రేకునొకదాన్ని గొలుసులతో దూలానికి కట్టించాడు. నేను పాత స్పీకరును డబ్బాలోంచి ఊడదీసి, పైన కంప్యూటర్‌లో ఆమె పాట పెట్టి, అక్కడి నుంచి వైరు లాగి, రేకు వెనక ఆనించి పట్టుకున్నాను. ఇంకో చివర మైకు పెట్టాను. అప్పుడే షూటింగ్ నుంచి వచ్చిన అన్న కెమెరా బ్యాగు భుజాన ఉండగానే అడిగాడు. “మీకేమన్న పిచ్చి లేసిందా?” కాసేపటికి నా చెయ్యి నొప్పి పుడుతుంటే స్పీకరును తనే పట్టుకుని నిలబడ్డాడు.

పైకి వచ్చి విన్నాం. కాకా సుత్తి దెబ్బలు, యార్డుకు పోయే ట్రాక్టరు, స్టేషన్ దాటుతున్న గూడ్సు బండి, అన్నీ రేకులోకి ఎక్కాయి. వాటి అడుగున ఎక్కడో పాట. కానీ ఒక చరణం చివర, అన్నీ సద్దుమణిగిన చోట, ఆమె గొంతు సన్నగా వణుకుతూ చాలా దూరం సాగింది. ఆ ముక్కను ముగ్గురం మళ్లీ మళ్లీ వేసుకుని విన్నాం. తర్వాత అదే చరణానికి ప్లగిన్ తగిలించాను. అదే వణుకు, గూడ్సు బండి లేకుండా.

“గిప్పుడు సమజైంది,” అన్నది ఆమె.

ఆ ఉత్సాహంలో పాట మొత్తానికి రివర్బ్ దండిగా పట్టించి సీడీ ఇచ్చాను. బంద్ రోజు ఆటో దాన్ని మోగించుకుంటూ పక్క పట్నం మానుకోట సెంటర్‌లో తిరిగింది. తర్వాత ఆమె నవ్వుకుంటూ షాపు మెట్లెక్కింది.

“మానుకోటల మన పాట మోగింది చెల్లే! ఒక్క మాట సమజ్ కాలే. నా పక్కకున్న అవ్వ, ఎవరో గని ఏం పాడుతున్నదే అని నన్నే అడిగింది.”

ఎందుకలా అయిందని ఇద్దరం తర్జనభర్జన పడ్డాం. ఆమె రోడ్డుకు అటూ ఇటూ ఉన్న మేడలను చేతులతో చూపించింది. మేడలకు తగిలి పాట అప్పటికే మోతగా తిరిగొస్తోంది, దాని మీద నేను కలిపిన మోత. ఆటో సీడీకి గుండీని దాదాపు సున్నాకు తెచ్చాను. ఇంట్లో వినేవాళ్ల కోసం వేరే సీడీ చేశాను.

పని అయిపోయాక కూడా ఆమె లేవలేదు. “ఇంకోటి పాడుత. ఎవ్వలకు ఇయ్యొద్దు, నాకే. గా గుండీ మొత్తం తిప్పు.”

ఈసారి తమ ఇంటి భాషలో పాడింది. తల్లిని పిలిచే ‘యాడి’ అన్న మాట తప్ప నాకేమీ అర్థం కాలేదు. వాళ్లమ్మ పాడేదట. మిక్సింగ్ అయ్యాక కళ్లు మూసుకుని విన్నది. పాట అయిపోయినా, వెనక మోత పూర్తిగా అణిగేదాకా కళ్లు తెరవలేదు.

మెమరీ కార్డులో వేసి ఇచ్చాను. ఫోన్‌లో పాట పెట్టుకుని మెట్లు దిగుతున్నామె సగంలోనే గబగబా తిరిగొచ్చింది.

“ఏడ పోయింది చెల్లే అది? ఉత్త గొంతే వస్తున్నది.”

ఫోన్‌కు హెడ్‌ఫోన్ గుచ్చి ఆమె చెవులకు పెట్టాను. ఉంది. తీస్తే లేదు. ఫోన్‌కు ఉన్నది ఒక్కటే స్పీకరు కదా, రెండు చెవులకు వేరువేరుగా చేసిన మోత అందులో కలిసి చెల్లిపోతోందేమో అన్నాను. ఆమె నమ్మీ నమ్మనట్టు హెడ్‌ఫోన్ పెట్టుకుంటూ, తీస్తూ చాలాసేపు చూసింది. చివరికి కింద సెల్‌ఫోన్ల షాపులోకి పోయింది. మంచి ఇయర్‌ఫోన్ కావాలని, ముందు తన పాట పెట్టి వినిపించాలని షాపువాడితో ఆమె వాదిస్తుండటం పైకి వినిపించింది.