టోక్యో కేకు, నాచారం శనివారం

పచ్చటి కాపురంలో చిచ్చు పెట్టుకోవడానికి పెద్ద పెద్ద ఘోరాలేమీ చేయనక్కర్లేదు. ఒక కేకు తినకుండా ఉంటే చాలు. నేను ఆ పని చేశాను. అదీ ఊరికే కాదు, టోక్యో దాకా విమానంలో వెళ్లి మరీ చేశాను.

నేను నాచారంలో ఓ ఫ్యాక్టరీలో ఇంజనీర్ని. కంపెనీ కొత్త మిషన్ కొని, నడపడం నేర్చుకు రమ్మని నన్నూ, ఆపరేటర్ యాదగిరినీ రెండు వారాలకు జపాన్ పంపింది. మా ఆవిడ శైలజ ఉప్పల్లోని మా ఇంట్లోనే కేకులు చేసి అమ్మేది. అప్పుడే మెయిన్ రోడ్డు మీద ఒక మడిగె మాట్లాడుకుని, సొంత దుకాణం తెరిచే హడావిడిలో ఉంది. మొదటిరోజు ఉప్పల్ జనం కనీవినీ ఎరుగని కేకు పెట్టాలని ఆమె పంతం.

టోక్యోలో మహా పేరున్న ఫ్రెంచి కేకుల దుకాణం ఒకటుందట. చెస్ట్‌నట్ అనే గింజల గుజ్జును మన మురుకుల గొట్టంతో ఒత్తినట్టు సన్నటి పోగులుగా పేర్చి చేసే కేకు అక్కడ ప్రసిద్ధి. శైలజ ఆ కేకు వీడియో ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు.

"పైన క్రీము సమజైంది. అడుగుకు ఏందో తెల్లగున్నది, గది నోట్లె ఎట్లుంటదో వీడియోల తెలుస్తలేదు" అంది నా పెట్టె సర్దుతూ. "నువ్వు తిని, మంచిగ యాదిపెట్టుకొని చెప్పు. చీర తేకు, బొమ్మ తేకు. గా రుచొక్కటి తే సాలు."

ఇంత తేలికైన పని ఏ మొగుడికైనా దొరుకుతుందా చెప్పండి!

రెండు వారాల్లో మాకు తీరిక దొరికింది ఒకే ఒక్క రోజు, తిరుగు ప్రయాణానికి ముందురోజు. యాదగిరిని వెంటబెట్టుకుని రెండు గంటలు లైన్లో నిలబడ్డాను. అద్దాల వెనక కేకులు నగల కొట్లో హారాల్లా మెరుస్తున్నాయి. ఒక్కో కేకు ముందు చిన్న చీటీ. దాని మీద, పడనివాళ్ల కోసం, అందులో ఏమేం కలిసిందో బొమ్మలు వేసి ఉన్నాయి. గోధుమ కంకి, పాల సీసా, గుడ్డు.

గుడ్డు బొమ్మ చూడగానే యాదగిరి వైపు తిరిగాను.

"యాదగిరీ, ఇయ్యాల ఏం వారం?"

"శనారం అన్నా."

కేకులో గుడ్డుంటుందని నాకు తెలియదా అంటారేమో. తెలుసు. తెలియకుండా పోయింది వారం. శనివారం గుడ్డు ముట్టనని వెంకటేశ్వరస్వామికి మొక్కుకుని ఏడేళ్లు. ఫ్యాక్టరీ మొత్తానికీ తెలిసిన నిష్ఠ అది. తెలిసేలా నేనే చెప్పుకున్నాను లెండి.

అయినా ఇంజనీర్ని కదా, ఉపాయం తట్టింది. మన లెక్కలో రోజు మారేది సూర్యోదయానికి. కట్టించుకుని పోయి, ఆదివారం సూర్యుడు పొడవగానే తినేస్తే సరి! కౌంటరు దగ్గరి అమ్మాయి డబ్బాలో ఐసు సంచి పెట్టబోతూ, తినడానికి ఎంతసేపు పడుతుందని అడిగింది. ఆ లెక్కన ఐసు పెడతారట. నేను ఫోన్లో తర్జుమా చేసి చూపించాను: రేపు సూర్యోదయం.

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. లోపలికి పరుగెత్తి, తెల్ల టోపీ పెద్దాయన్ని పిలుచుకొచ్చింది. రెండు గంటల్లో తినకపోతే అడుగు మెత్తబడిపోతుంది, అలాగైతే అమ్మనన్న ఆయన మాటల్ని ఫోన్ నాకు వినిపించింది. నేను మొక్కు సంగతంతా విన్నవించి, గుడ్డు లేనిదేమైనా ఉందా అని అడిగాను. ఆయన దుకాణమంతా ఒకసారి కలయజూసి, వంగి నమస్కరించి జవాబిచ్చాడు.

"టీ ఉంది."

వెనక లైను పెరుగుతోంది. ఇక దారి లేక యాదగిరిని కూర్చోబెట్టి కేకు తినిపించాను. నేను టీ తాగుతూ, ఫ్యాక్టరీలో సరుకు తనిఖీ చేసే అలవాటు కొద్దీ నోట్‌బుక్ తెరిచాను.

"తీపి పదికెంత?"

"ఎనిమిదెయ్యన్నా."

"మెత్తదనం?"

"పైన పది. కింద నాలుగు."

"మొత్తంగ?"

"మస్తున్నదన్నా. ఇంకోటి జెప్పు!"

ఈ అంకెలు పట్టుకుని శైలజ ముందుకు ఎలా వెళ్లను? అందుకే విమానంలో కూర్చుని కొంత సాహిత్యం చేర్చాను. అడుగున వేయించిన పల్లీల పొడి, నేతి వాసన, చివర్లో నాలుకకు తగిలీ తగలనట్టు శొంఠి. ఇంటికొచ్చి కళ్లు మూసుకుని మరీ వర్ణించాను. శైలజ ఒక్క ముక్క పోకుండా రాసుకుంది.

పదిరోజులు మా వంటింట్లో పల్లీలు, శొంఠి, కన్నీళ్లు. ఏది చేసినా దగ్గుమందులో ముంచిన పల్లీపట్టీలా వచ్చేది. దుకాణం తెరవడానికి రెండు రోజులుందనగా గరిటె పక్కన పెట్టేసింది.

"నువ్వు గంత మంచిగ జెప్పినవ్. నాకే వస్తలేదు. నా చేతులనే ఏమో లోపమున్నది. దుకాణం వద్దులే" అంది.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోపు యాదగిరి వచ్చాడు, మడిగెకు బిగించాల్సిన బోర్డు తీసుకుపోవడానికి. మర్యాదకు శైలజ ఓ ముక్క పెట్టింది. వాడు నమిలి, దగ్గి, నీళ్లు తాగాడు.

"వదినా, గిది గట్ల లేదు. గక్కడిది అడుగు నోట్లె వెట్టంగనే కర్రుమని ఇరిగి కరిగిపోయింది. అచ్చం బతాసా లెక్క."

"బతాసానా!" శైలజ ఎగిరి లేచింది. "అంటే తెల్లసొన చక్కెరేసి గిలకొట్టి, సన్న సెగ మీద ఎండబెట్టిన్రు! గింతేనా!" అని, ఆగి, నెమ్మదిగా నా వైపు తిరిగింది. చూపు నా మీదే ఉంచి యాదగిరిని అడిగింది. "తమ్మీ, తిన్నది ఎవలు?"

"నేనే వదినా. అన్నకు శనారం గదా."

నేను గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చూస్తున్నాను.

"పల్లీలు? శొంఠి?"

"అవి... నా అంచనా."

"మొక్కు కోసం తినలేదా?"

"మొక్కంటే మొక్కే గదా శైలూ. ఏడేండ్ల సంది శనివారం గుడ్డు ముట్టిన్నా నేను?"

శైలజ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ప్రతి శనారం ఆర్డర్లకు కేకు పిండి కలుపుత. గిన్నెల మిగిలింది ఏలితోని తీసుకొని నాకేది ఎవలు?"

"అది పిండి గదా. కేకు కాలే గదా ఇంకా."

"మరి గుడ్డు ఎప్పుడేస్తరనుకున్నవయ్యా? కేకు ఓవెన్లకెల్లి తీసినంక పైనకెల్లి చల్లుతరా?"

యాదగిరి బోర్డు తీసుకుని బయటికి పరుగెత్తాడు. వాడి నవ్వు వీధి చివరి దాకా వినపడింది.

కాబట్టి మహాజనులారా! నోట పెట్టని పదార్థం రుచి గురించి జన్మలో నోరెత్తనని, కేకు పిండి కలిపిన గిన్నె కనబడితే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతానని సర్వదేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏడేళ్ల శనివారాల బాకీ ఎలా తీర్చాలో స్వామికీ నాకూ మధ్య ఇంకా తెగలేదు. అప్పటిదాకా, శైలజ ఆజ్ఞ ప్రకారం, శనివారం ఆమె దుకాణంలో గిన్నెలు కడిగేది నేనే.