అమావాస్య బుధవారం

నాకు కోపం ఎక్కువ. కోనసీమలో ఒక కాలవగట్టు ఊళ్లో నర్సుగా చేరి ఇరవై ఏళ్లయినా అది తగ్గలేదు సరికదా, ఉద్యోగంతో పాటు దానికీ సీనియారిటీ వచ్చింది. ఆ కోపం తారస్థాయికి చేరేది అమావాస్య బుధవారాల్లో. మా దగ్గర పిల్లలకు టీకాలు వేసేది బుధవారం. ఆ రోజు అమావాస్య పడిందంటే ఏ అమ్మమ్మా చంటిబిడ్డను గడప దాటనివ్వదు. ఐసు పెట్టిన టీకాల డబ్బా ముందు ఒక్కదాన్నే ఈగలు తోలుకుంటూ కూర్చునేదాన్ని.

"వచ్చే వారం వేయిద్దాం లెండి" అనేవారు. వచ్చే వారం ఎవరిదో పెళ్లి. ఆపై వారానికి బిడ్డ నాన్నమ్మగారింటికి వెళ్లిపోయేది.

మా ఊరి పంతులుగారి మనవడి విషయంలో అదే జరిగింది. ఊళ్లో ప్రతి బిడ్డకూ బారసాల చేయించి, జాతకం కాగితం రాసిచ్చేది ఆయనే. పురిటికి వచ్చిన కూతురి బిడ్డకు ఆరో వారంలో వేయాల్సిన, విరేచనాల ముప్పు తగ్గించే రోటావైరస్ చుక్కలు, అమావాస్యని ఒకసారి, తునిలో అత్తవారింటికి ప్రయాణమని ఒకసారి వాయిదా పడి, చివరికి వేయనే లేదు. ఎనిమిదో నెలలో పిల్లాడు మళ్లీ తాతగారింటికి వచ్చాడు. వచ్చిన వారానికే వాంతులు, నీళ్ల విరేచనాలు.

"పళ్లొస్తున్నాయి, అంతే" అంది పంతులుగారి భార్య. మర్నాడు నన్ను పిలిచేసరికి పిల్లాడి కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తున్నాడు గానీ కన్నీరు రావడం లేదు. చెంచాతో ఓఆర్ఎస్ పోస్తూనే రాజమండ్రి తీసుకెళ్లాం. రావులపాలెం దగ్గర అరటి లారీలు అడ్డొస్తే డ్రైవర్లను నోటికొచ్చినట్టు తిట్టాను. నాకు భయం వేస్తే తిట్లే వస్తాయి.

సెలైన్లు ఎక్కాక పిల్లాడు కళ్లు తెరిచాడు. అప్పుడు ఆసుపత్రి వరండాలో పంతులుగారి మీద పడ్డాను.

"వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకుని వస్తుందాండీ ఆ వైరస్సు? మీరొక్క మాట చెబితే ఊరంతా వింటుంది కదా!"

ఆయన లోపలికి వెళ్లి మనవడి మంచం పక్కన కూర్చున్నారు. పెద్దాయన్ని అలా అన్నందుకు సిగ్గేసింది, కానీ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

రెండేళ్లకు ఆ ఇంట్లో మనవరాలు పుట్టింది. ఆరు వారాలు నిండాక వచ్చే బుధవారం ఏదా అని క్యాలెండర్ చూస్తే, మళ్లీ అమావాస్యే! వెళ్లి బతిమాలుదామంటే అభిమానం అడ్డొచ్చింది. ఈ పిల్లను కూడా ఆసుపత్రి మంచం మీద చూడాల్సి వస్తుందేమోనని ఆ క్యాలెండర్‌నే తిట్టుకున్నాను.

ఆ బుధవారం పదయింది. ఒక్కరూ రాలేదు. అంతలో పంతులుగారు మనవరాలిని ఎత్తుకుని, సందులోంచి కాదు, నడి వీధిలోంచి నడిచి వచ్చారు. వెనకాల మొహం ముడుచుకుని ఆయన భార్య.

అరుగు మీది ముసలమ్మ ఆపబోయింది. "పంతులుగారూ, ఇవాళ అమావాస్య కదండీ?"

"తెలుసమ్మా. పంచాంగం మా ఇంట్లోనే ఉంది" అన్నారు, ఆగకుండా.

పిల్ల చుక్కలు చప్పరించి పెదవులు నాక్కుంది. "ఇక విరేచనాలు రావా అమ్మా?" అని అడిగారాయన. "అసలు రావని చెప్పనండి. ప్రాణం మీదికి వచ్చే ముప్పు మాత్రం బాగా తగ్గుతుంది" అన్నాను. ఆయన తలూపి వెళ్లి, నలుగురికీ కనిపించేలా పిల్లతో మా ఆరోగ్య కేంద్రం గుమ్మంలోనే కూర్చున్నారు. మధ్యాహ్నానికి నా ముందు చేరిన పిల్లల ఏడుపులతో చెవులు చిల్లులు పడ్డాయి. అంత కమ్మని గోల నేనెప్పుడూ వినలేదు.

నెల తర్వాత ఒక కొత్త తల్లి టీకా కార్డు బదులు పొరపాటున జాతకం కాగితం తెచ్చింది. కోప్పడబోయి, చక్రం కింద పంతులుగారి గుండ్రటి అక్షరాలు చూసి ఆగాను.

"ఆరు, పది, పద్నాలుగు వారములకు నోటి చుక్కలు వేయించవలెను. ఇందుకు తిథి చూడనక్కరలేదు."

రెండుసార్లు చదివి, అందరి ముందూ ఏడ్చేశాను. ఇప్పుడు అమావాస్య బుధవారం వస్తే నాకు టీ తాగే తీరిక కూడా ఉండదు.