కలకత్తా బస్సులో నీలిగళ్ళ కర్చీఫ్

ముందే చెప్తున్నాను, నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. నమ్మేవాళ్ళతో తగువు పెట్టుకునే మనిషిని. మా వీధి చివర ఎవరో దిష్టి తీసి పడేసిన నిమ్మకాయల్ని ఇంటికి తెచ్చి, కడిగి, పులిహోర కలిపిన చరిత్ర నాది. ఆ పులిహోర తిన్నవాళ్ళందరూ ఇప్పటికీ బానే ఉన్నారు.

అందుకే ఇది రాయాలంటే నాకు నామోషీగా ఉంది. రాశాక ఎవరేమంటారో కూడా తెలుసు. అవన్నీ నాకు నేను అనుకున్నవే కాబట్టి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు.

మాది అద్దంకి. ఒంగోలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్తాను. ఎస్తేరు అదే కాలేజీలో జువాలజీ చెప్పేది. తనదీ అద్దంకే. ఏళ్ళ తరబడి ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళి ఒకే బస్సులో వచ్చాం. ఆదివారం తను చర్చికి, నేను నిద్రకి. మిగతా ఆరు రోజులూ దారి పొడుగునా వాదించుకోవడమే. దేవుడి దగ్గర మొదలుపెట్టి దోసకాయ పప్పు దాకా మేం ఏకీభవించిన విషయం ఒక్కటీ లేదు.

సాయంత్రం పూట ఒంగోలు బస్టాండులో అద్దంకి బస్సు ఎక్కడం ఎలా ఉంటుందో ఎక్కినవాళ్ళకి తెలుసు. బస్సు ఆగకముందే జనం కిటికీల మీద పడతారు. కర్చీఫులు, తువ్వాళ్ళు, క్యారేజీలు, ఏది చేతికందితే అది లోపలికి వేస్తారు. ఒకసారి ఒకామె పసిబిడ్డనే అందించి సీటు పట్టింది. కర్చీఫ్ పడిందంటే ఆ సీటు రిజిస్ట్రేషన్ అయిపోయినట్టే. దాన్ని తీసి ఎవడన్నా కూర్చున్నాడా, బస్సంతా ఒకటై తిడుతుంది. నేను సివిక్స్ చెప్పేదాన్ని, రాజ్యాంగానికి కూడా అంత మర్యాద దక్కగా చూళ్ళేదు.

కర్చీఫ్ వెయ్యడంలో ఎస్తేరుని మించినవాళ్ళు లేరు. మామూలు కర్చీఫ్ గాలికి తేలి పక్కవాళ్ళ ఒళ్ళో పడుతుంది. తనది మగవాళ్ళు వాడే నీలిగళ్ళ కర్చీఫ్. ఒక మూల చింతగింజ పెట్టి ముడి వేసేది, బరువు కోసం. కింద నిలబడి కిటికీలోంచి విసిరితే అనుకున్న సీట్లోనే పడేది. తోపులాటంతా అయ్యాక నేను తీరిగ్గా ఎక్కేదాన్ని. "దయచెయ్యండి మహారాణీ గారూ" అని ఎకసెక్కంగా జరిగేది.

కలకత్తా వెళ్ళాలన్నది తన కోరికే. అక్కడి మ్యూజియంలో తిమింగలం ఎముకలు ఉన్నాయిట. పాతికేళ్ళుగా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పడమే కానీ ఒక్క పెద్ద ఎముకని కళ్ళతో చూసింది లేదని తన బాధ. ప్యాకేజీ టూర్లు వద్దు, సూట్‌కేసులు వద్దు, చుట్టాలిళ్ళు అసలొద్దు. కుర్రాళ్ళలాగా వీపున ఒక సంచీ, స్లీపర్ టికెట్టు, ఆడవాళ్ళ డార్మిటరీలో ఒక మంచం, సిటీ బస్సులు. అదీ ప్లాను. టికెట్లు ఇద్దరికీ తీసేశాం.

ప్రయాణం దగ్గరపడ్డాక ఎస్తేరుకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. కాలూ చెయ్యీ మెల్లిగా దారికొస్తాయన్నారు డాక్టరు. మాట సంగతి అడిగితే, రావచ్చు, రాకపోవచ్చు, చూద్దాం అన్నారు. నోరే ఆస్తిగా బతికిన మనిషికి ఆ 'చూద్దాం' ఎలా వినబడిందో నాకు తెలుసు.

టికెట్లు క్యాన్సిల్ చేస్తానన్నాను. ఎస్తేరు ఎడం చేత్తో నా ఫోన్ పక్కకి నెట్టేసింది. నన్ను చూపించింది, సంచీని చూపించింది, గుమ్మాన్ని చూపించింది. నేను వాదించాను. తను వాదించలేకపోయింది. మా ఇద్దరి మధ్య మొదటిసారి నేను గెలిచిన వాదన అదే. గెలిచి ఒక్క నిమిషం కూడా భరించలేకపోయాను. సరే, వెళ్ళి చూసొచ్చి నీకు మొత్తం చెప్తాను అన్నాను. అప్పటికి శాంతించింది.

మా ఆయన గుమ్మంలో నిలబడి, "నడుముకి బెల్టు లేకుండా బియ్యం బస్తా వంక చూడవు. వీపున సంచీతో కలకత్తా తిరుగుతావా?" అన్నారు. ఈలోగా కుక్కర్ మూత ఎలా పెడతారో నేర్చుకోండి అని చెప్పి బయల్దేరాను.

హౌరాలో దిగి బయటికొస్తే బస్సులు బారులు తీరి ఉన్నాయి. డార్మిటరీ వైపు వెళ్ళేది కనుక్కుని ఎక్కాను. అప్పటికే జనం నిలబడి ఉన్నారు. మధ్యలో ఒక సీటు మాత్రం ఖాళీ. దాని మీద నీలిగళ్ళ కర్చీఫ్.

ఎవరో వేసుకున్నారు, వస్తారు అని పక్కన నిలబడ్డాను. ఒకాయన వచ్చి దాన్ని తీసి కూర్చోబోయాడు. నేను ఊరుకుంటానా? కర్చీఫ్ కనబడట్లేదా, ఎవరో సీటు పెట్టుకున్నారు కదా అని హిందీలో అందుకున్నాను. ఆయన కర్చీఫ్ వంకా నా వంకా చూసి, ఈవిడతో మనకెందుకని వెనక్కి వెళ్ళిపోయాడు. దిగేదాకా, వీపున బరువుతో, ముక్కూ మొహం తెలియని మనిషి సీటుకి కాపలా కాశాను. ఎవరూ రాలేదు. దిగి పేవ్‌మెంట్ మీదికొచ్చాక తట్టింది, కర్చీఫ్ వేసి సీటు పట్టే చట్టం ఇక్కడ లేదేమోనని. ఎవరో జారవిడుచుకున్న గుడ్డకి అంత సేవ చేశాను. ఎస్తేరుకి చెప్పి నవ్వించొచ్చు అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు. నీలిగళ్ళ కర్చీఫులు దేశమంతా అమ్ముతారు.

డార్మిటరీలో ఇనప మంచాలు, పైనా కిందా. నేను తప్ప అందరూ ఇరవై ఏళ్ళ పిల్లలు. ఆంటీ, ఒక్కరే వచ్చారా అని ఆశ్చర్యపోయారు. నేను తెచ్చిన పండుమిరప పచ్చడి కొంచెం రొట్టెకి రాసిచ్చాను. ఇంకోసారి ఎవరూ ఆశ్చర్యపోలేదు, కళ్ళు తుడుచుకోవడానికే సరిపోయింది.

మర్నాడు మ్యూజియంకి వెళ్ళాను. ఎముకలు చూశాను. వాటి పక్కన నిలబడితే మనిషి ఎంత అల్పుడో అనిపిస్తుందని రాస్తారు కదా, నాకేమీ అనిపించలేదు. ఎస్తేరు ఉంటే ఇక్కణ్ణించి సాయంత్రం దాకా కదిలేది కాదనిపించింది, అంతే. దవడ, పక్కటెముకలు, వెన్ను అన్నీ ఫోన్లో వీడియో తీసి, పక్కన నా మాటలు కూడా కలిపాను. నాకు జువాలజీ రాదు కాబట్టి తప్పులు చెప్పే ఉంటాను. తిట్టడానికన్నా నోరు తెరుస్తుందని ఆశ.

అక్కణ్ణించి నడుచుకుంటూ ఎస్ప్లనేడ్ బస్టాండుకి వచ్చాను. మిట్టమధ్యాహ్నం, మంచి ఎండ. బస్సు బయల్దేరే చోటే ఎక్కాలని వెళితే, అక్కడా మన బస్టాండు తంతే. తోపులాట అయ్యాక చివర్న ఎక్కాను.

ఒక సీటు ఖాళీ. నీలిగళ్ళ కర్చీఫ్.

నవ్వొచ్చింది. ఈసారైనా కూర్చుందామనుకున్నాను కానీ, అలవాటు, చెయ్యి రాలేదు. కిటికీ పక్కన కూరల సంచీతో ఒక నడివయసావిడ ఉన్నారు. కూర్చోమని సైగ చేశారు. ఎవరో వేసుకున్నారండీ అన్నాను.

"మీకోసమే వేశారు" అన్నారావిడ హిందీలో. "మీతో వచ్చినావిడే. కింద నిలబడి ఈ కిటికీలోంచి వేశారు."

నాతో ఎవరూ రాలేదన్నాను.

"మిమ్మల్నే వేలితో చూపించారు. మాట్లాడలేదు" అన్నారు. ఎలా ఉన్నారని అడిగాను. మీ వయసే, కళ్ళజోడు అని, తన కుడి చేతిని పొట్టకి ఆనించి, ఎడం చేత్తో విసిరినట్టు చూపించారు. "చెయ్యి బాగాలేదు కదా పాపం. మీ అక్కగారనుకున్నాను."

వంగి కిటికీలోంచి చూశాను. జనం. వేరుశనక్కాయల బండి. ఎండ. బస్సు కదిలింది.

కూర్చున్నాను. కర్చీఫ్ చేతిలోకి తీసుకుంటే ఒక మూల ముడి ఉంది. గట్టిగా బిగించిన ముడి, గోళ్ళతో విప్పాల్సి వచ్చింది. ఊడొచ్చేసరికి బస్సు కుదిపింది. ఏదో జారి నా పాదానికి తగిలి, జనం కాళ్ళ మధ్యకి దొర్లిపోయింది. వంగే చోటు కూడా లేదు. అరచేతిలో మిగిలింది చూస్తే చింతగింజ.

తర్వాతి స్టాపులో దిగేశాను.

టీ బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాను. మట్టి ముంతలో టీ ఇచ్చాడు, చల్లారిపోయింది. పోయేవాళ్ళు పోయేముందు కనబడతారని మావైపు అంటారు. అన్నవాళ్ళందరినీ నేను వెక్కిరించాను. ఇప్పుడు ఫోన్ చేతిలో పెట్టుకుని నంబరు నొక్కలేకపోతున్నాను. చేస్తే నమ్మినట్టు. చెయ్యకపోతే, ఎస్తేరు అక్కడ ఉందో లేదో తెలీదు. నమ్మినట్టే కానీలే అని చేశాను. ఎస్తేరు కూతురు జ్యోతి ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఆ మధ్యలో నేనేం అనుకున్నానో ఇక్కడ రాయను.

తనే తిరిగి చేసింది.

"అమ్మా? బానే ఉంది పిన్నీ, ఇప్పుడే పడుకుంది" అంది. "ఇందాకటి నించీ ఒకటే చిరాకు. మంచం మీద కూర్చుని కిటికీ వైపు ఎడం చెయ్యి విసురుతానే ఉంది. దోమలేమోనని కిటికీ మూశాను. దానికి ఇంకా కోప్పడింది."

సరే పడుకోనీ అని పెట్టేశాను.

తిరిగొచ్చేద్దామా అని ఆలోచించి, ఉన్నాను. సగంలో వెళితే ఎస్తేరు ఊరుకోదు. ఉన్నన్నాళ్ళూ ఎన్నో బస్సులెక్కాను. ఇంకెక్కడా కర్చీఫ్ కనబడలేదు. అన్నిట్లోనూ నిలబడే తిరిగాను. జ్యోతి కిటికీ మూసెయ్యబట్టే ఇలా అయిందని ఒకసారి తిట్టుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేను ఇంకా గట్టిగా తిట్టుకున్నాను.

ఒంగోలులో రైలు దిగి, అద్దంకి బస్సెక్కి, ఇంటికి కూడా వెళ్ళకుండా ఎస్తేరు దగ్గరికి వెళ్ళాను. దిళ్ళకి ఆనుకుని కూర్చుని ఉంది. వీడియో చూపించాను. పక్కటెముకల దగ్గర నేనేదో తప్పు వాగితే కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపింది. నోరు మాత్రం తెరవలేదు.

జ్యోతి వంటింట్లో ఉంది. కర్చీఫ్ సంగతి అప్పటికి నేనెవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. ఆ గింజని మళ్ళీ అదే మూల పెట్టి, ముడేసి తెచ్చాను. ఏమీ మాట్లాడకుండా తీసి దుప్పటి మీద పెట్టాను.

ఎస్తేరు ఎడం చేత్తో తీసుకుంది. ముడి మూల పట్టుకుని అరచేతిలో తూచినట్టు ఎగరేసింది. మొహం చిట్లించింది. ముడిని పళ్ళతో లాగి విప్పింది. గింజ దుప్పటి మీద పడింది. కర్చీఫ్ దులిపింది. తిరగేసి మళ్ళీ దులిపింది. ల్యాబ్‌లో ఎముక పారేసిన పిల్లని చూసినట్టు నా వంక చూసింది. పెదవులు ఒక పక్కకి లాగాయి.

"రెండేశాగా" అంది.

ముద్దగా ఉంది మాట, కానీ మాటే. జ్యోతి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అమ్మ మాట్లాడింది పిన్నీ, మాట్లాడింది కదా అని నన్ను పట్టుకుని ఏడ్చింది. పక్కింటివాళ్ళు వచ్చారు, పాస్టరుగారికి ఫోన్ వెళ్ళింది, ప్రార్థన మొదలైంది. ఏం రెండు అని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఎస్తేరు బాగానే మాట్లాడుతోంది. కొన్ని మాటలు వెతుక్కుంటుంది, తిట్లు మాత్రం వెతుక్కోదు. ఆ రోజు సంగతి అడిగితే, నేనెప్పుడన్నాను అంటుంది. మొత్తం చెప్పాక, అంతా ప్రభువు కృప అంది. బస్సు సీట్లు పట్టడానికి ఆయన రాడు అన్నాను. సాయంత్రం దాకా వాదించుకున్నాం.

నా వాదన నేనూ చేసుకున్నాను. కర్చీఫులు ఎక్కడైనా దొరుకుతాయి. చింతగింజ కలకత్తాలోనూ ఉంటుంది. కిటికీ పక్కనావిడ ఇంకెవరినో చూసి నేననుకుని ఉండొచ్చు. చెయ్యి బాగాలేని ఆడవాళ్ళు లోకంలో ఎస్తేరు ఒక్కతే కాదు. ఎస్తేరు కాలేజీ బ్యాగ్ మేకుకే వేలాడుతోంది, అందులో పాత కర్చీఫ్ లేదు. ఆసుపత్రి హడావుడిలో పడిపోయి ఉండొచ్చు. విడివిడిగా తీసుకుంటే అన్నిటికీ జవాబుంది.

ఒక్కదానికే లేదు. ఆ రెండో గింజ కలకత్తాలో ఏదో బస్సు సీట్ల కింద పడిపోయింది. అది నా పాదానికి తగలడం నాకు తెలుసు. గింజో రాయో నేను చూడను కూడా లేదు, అప్పటికి ఎవరికీ చెప్పలేదు. అద్దంకిలో మంచం మీదున్న మనిషి దాన్ని లెక్కపెట్టి నన్ను ఎలా నిలదీసిందో నాకు ఇవాళ్టికీ తెలీదు.