ఫైలులోంచి తీయమన్న పేజీలు

మా ఊళ్ళో ఇందా అనే పేటలో ఒక ఆఫీసు బీరువాలో మా అమ్మాయి పేరుతో ఒక ఫైలు ఉంది. ప్రతి పేజీ కిందా నా సంతకం ఉంది. రేపెవరైనా దాన్ని తీసి చదివితే, ఈ పిల్ల ఇంట్లో బల్ల ముందు కూర్చుని గైడు పుస్తకాల్లో ప్రశ్నలకి జవాబులు రాసుకుంటూ పెరిగిందని అనుకుంటారు. అది నిజం కాదు. నా చేతే రాయించిన అబద్ధం అది. అందుకని నిజాన్ని కూడా నా చేత్తోనే రాసి ఎక్కడో ఒకచోట ఉంచాలి. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను. అది చల్లారేలా లేదు.

మాది గోల్ బజార్‌లో మ్యాచింగ్ కొట్టు. చీరల మీదకి జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్స్ అమ్ముతాం. ఇల్లు మలంచాలో. నేను పదో తరగతితో ఆగిపోయిన మనిషిని. ఆగింది బడిలోనే. పెళ్ళై ఈ బెంగాలీ ఊరొచ్చాక తెలుగువాళ్ళ సంఘం గదిలో ఉన్న గ్రంథాలయంలో ఒక బీరువా తరవాత ఒకటి చదువుకుంటూ వెళ్ళాను. అక్కడి తెలుగు పుస్తకాలయ్యాక హిందీ, ఆ తరవాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. ఎవరూ పరీక్ష పెట్టలేదు కాబట్టే అంత చదవగలిగాను. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

మా అమ్మాయి ఐదో తరగతిలో ఉండగా రోజూ బడి వ్యాను హారన్ వినపడగానే వాంతి చేసుకునేది. డాక్టరు పొట్ట నొక్కి చూసి ఏమీ లేదన్నాడు. బడిలో అడిగితే మీ పిల్ల నటిస్తోందన్నారు. నటనకి పిల్లలు అంత నీరసపడరు. ఒక పొద్దున మా ఆయన వ్యానుని వెనక్కి పంపేశాడు. నేను గ్రంథాలయానికి వెళ్ళి పిల్లల చదువు గురించి చట్టాలేం చెబుతున్నాయో చదివాను. ఓపెన్ స్కూలు ఉందని, ఇంట్లో చదివి ఎనిమిదో తరగతి పరీక్ష రాయొచ్చని తెలిసింది. ఇందాలో ఉన్న ఆ స్కూలు కేంద్రంవాళ్ళు ఒక షరతు పెట్టారు: పిల్ల ఏం నేర్చుకుందో నెలనెలా రాసి ఫైలు చెయ్యాలి. పరీక్ష ముందు ఇన్‌చార్జి అది చూసి సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే పరీక్ష లేదు. రాయడమంటే నాకేం భయం?

మొదటి నెల పిల్ల కొట్లో ఊరికే కూర్చుంది. తరవాత తానులు సర్దడం మొదలుపెట్టింది. ట్యూబు లైటు కింద రెండు ముక్కలు ఒకే రంగులా కనిపిస్తాయి. గుమ్మం దాటి పగటి వెలుతురులోకి తీసుకెళ్తే ఒకటి వంగపండు, ఒకటి నేరేడు. మా వ్యాపారంలో అందరికీ తెలిసిన సంగతే ఇది. అందుకే చీర పట్టుకొచ్చిన వాళ్ళని ముక్కతో సహా రోడ్డు మీదకి తీసుకెళ్ళి చూపిస్తాం. ఎందుకలా అని ఇన్నేళ్ళలో మేమెవరం అడగలేదు. అది అడిగింది. వెలుతురు గురించి ఇంగ్లీషు పుస్తకం తెచ్చి, ఇద్దరం కౌంటరు వెనక కూర్చుని పేరా పేరా విడదీసుకుని చదివాం. నోటుపుస్తకంలో గుడ్డ ముక్కలు అంటించి కింద రంగుల పేర్లు రాసేది. మనం చిలకపచ్చ అనేదాన్ని బెంగాలీవాళ్ళు కొచి కొలాపాతా, అంటే లేత అరటాకు, అంటారని కనిపెట్టింది. సాలువాలో గూర్ఖా సిపాయిల క్యాంపు నుంచి వచ్చే ఆడవాళ్ళ దగ్గర రంగులకి నేపాలీ పేర్లు అడిగి రాసుకుంది. ఎనభై సెంటీమీటర్ల ముక్కలు తీస్తే తానులో ఎంత మిగులుతుందో నోటితో లెక్క కట్టేది. తడి తెల్లగుడ్డతో రుద్ది, ఏ రంగు దిగుతుందో, ఉప్పు కలిపితే ఏమవుతుందో చూసేది. పార్సిళ్ళ మీది ఊళ్ళని దేశపటంలో వెతికేది.

ఆ మూడేళ్ళూ నేను అన్నీ రాశాను. ఎన్నింటికి కొట్టుకొచ్చింది, ఎవరికి ఏం చూపించింది, ఏమడిగింది, ఎక్కడ తప్పింది. మా అత్తకి అది వింతగా ఉండేది.

"ఏటే అది, పగలల్లా రాస్తన్నావు? పిల్ల తుమ్మినా రాసేత్తావేటి?"

"తుమ్మితే ఎందుకు తుమ్మిందో రాస్తానత్తా."

"రాయి, రాయి. మీ మాఁవ లెక్కల పుస్తకంలో కూడా ఇన్ని అచ్చరాల్లేవు."

హిందీలో రాయనా, ఇంగ్లీషులో రాయనా అని కేంద్రంలో అడిగితే, ఇన్‌చార్జిగారు తెలుగాయనే, తెలుగులో రాసినా చదువుతారని చెప్పారు. ఎంత సంతోషపడ్డానో. ఈ ఊళ్ళో నా రాత చదివే ఒక ఆఫీసరు దొరికాడని ఇంకా వివరంగా రాశాను. బెంగాలీ ఆయనైతే పేజీలు తిప్పి సంతకం పెట్టేవాడు. మనవాడు కాబట్టి చదివాడు.

ఫైలు తీసుకుని నేనూ అమ్మాయీ వెళ్ళాం. ఇన్‌చార్జి మావైపు మనిషే, టెక్కలి పక్క. మంచినీళ్ళిప్పించాడు. చదువుతూ నవ్వాడు కూడా.

"బాగా రాసినావు చెల్లెమ్మా, కతలాగుంది." ఇంకో రెండు పేజీలు తిప్పాక నవ్వు ఆగింది. "పొద్దున్న పదకొండింటికి పిల్ల కొట్లో ఏటి సేస్తంది?"

"అక్కడేనండి దాని చదువు. మొత్తం అందులో రాసినాను."

"రాసినావు కాబట్టే అడుగుతున్నాను." అమ్మాయి వైపు తిరిగాడు. "నువ్వు సెప్పమ్మా. కొట్లో పని సేస్తావా?"

"సేస్తానండి," అంది అది, మెడ నిటారుగా పెట్టి. "బట్ట కొలుస్తాను. రంగు సూపిస్తాను. నాన్న బోంచేస్తుంటే ఒక్కదాన్నే సూసుకుంటాను."

ఆయన కలం బల్ల మీద పెట్టేశాడు.

"విన్నావా? ఇస్కూలు అయిపోయాక ఇంటి వ్యాపారంలో సాయం సెయ్యొచ్చు, చట్టం ఒప్పుకుంటాది. ఇస్కూలుకే ఎల్లని పిల్లకి ఇస్కూలు అయిపోయాక అనేది ఎక్కడుంటాది? ఇది బాలకార్మికుల కేసు."

"ఆ చట్టం నేనూ సదివినానండి."

"సదివితే మరెందుకు రాసినావు?"

ఆయనే చెప్పాడు. ఆ పేజీలన్నీ తీసెయ్యాలి. సోమవారం లెక్కలు, మంగళవారం సైన్సు అని సబ్జెక్టుల వారీగా కొత్తగా రాసి తేవాలి.

"అబద్ధం రాయమంటన్నారా?"

"అబద్ధం ఎందుకమ్మా, ఠీక్ సే రాయమంటన్నాను. నాకేటి? నీ పిల్ల మంచికే. లేదంటావా, పైకి రాసేత్తాను."

తిట్టి ఉంటే ఇంత మండేది కాదు. మంచికే అన్నాడు. ఆ ఆఫీసు మెట్ల పక్కనే ట్యూషను సెంటరు. బడి నుంచి నేరుగా వచ్చిన పిల్లలు సంచులు దించకుండానే లోపలికి వెళ్తున్నారు. చీకటి పడేదాకా కళ్ళు వాలిపోతుంటే ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీ పడతారు. దాన్ని ఎవరూ పని అనరు. కూలి అసలే అనరు. నా కూతురు నాన్న పక్కన నిలబడి, ఒక ఎరుపు ఇంకో ఎరుపు ఎందుకు కాదో అడిగితే అది నేరం. ఏ కార్ఖానాలోనో చేతులు కాల్చుకునే పిల్లల కోసం చేసిన చట్టం అది. ఆ చట్టం ఉండాల్సిందే. కాని ఆ పిల్లల దగ్గరికి పోలేని వాళ్ళు, నిజం రాసుకుని ఎదురొచ్చిన నా మీద ప్రయోగిస్తారా? ఆటోలో ఇంటిదాకా ఇదే నమిలాను. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"అమ్మా, నాను సెప్పకుండా ఉండాలా?"



మా ఆయన ఒక్క మాటే అన్నాడు. "పరీచ్చ కావాలా, నీ రాత కావాలా?" ఆయన మీదా కోపం వచ్చింది, సరిగ్గానే అడిగాడు కాబట్టి. పరీక్ష లేకపోతే దాని పేరు ఏ బడిలోనూ, ఏ కాగితం మీదా లేనట్టే. తొమ్మిదో తరగతికి ఎక్కడికి పోతుంది? మళ్ళీ ఆ వ్యానేనా?

పేజీలు తీసేశాను. పాత గైడు ముందు పెట్టుకుని కొత్తవి రాశాను. అమ్మాయి పక్కన కూర్చుని సాయం చేసింది. "మంగలారం సైన్సు అన్నాడు కదా, మొక్కల భాగాలు అని రాసేద్దాం," అంది. కాసేపటికి, "అన్నీ ఒకే పెన్నుతో రాస్తే అనుమానం వస్తాది, రంగు మార్చు," అంది. మా అత్త పక్కనుండి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ ఏది అడిగినా నిజం చెప్పడం అలవాటు చేసిన పిల్లకి దొంగ కాగితం పుట్టించడం ఒక్క వారంలో వచ్చేసింది. నేర్పింది నేనే. నేర్పించింది ఆ ఇన్‌చార్జి.

రెండోసారి ఆయన ఒక్క పేజీ చదవలేదు. తిప్పాడు, సంతకం పెట్టాడు. "సూసినావా, ఎంత సుబ్బరంగా ఉందో," అన్నాడు.

అమ్మాయి పరీక్ష రాసింది, పాసయింది. అందరికీ మిఠాయి పంచాం. ఇప్పటికీ కొట్టుకొస్తుంది. కాని ఎవరైనా రంగు చూపించమంటే ముక్క పట్టుకుని గుమ్మం దగ్గర ఆగి, ముందు రోడ్డుకి అటూ ఇటూ చూస్తుంది. అటు తరవాతే వెలుతురులోకి వెళ్తుంది. ఆ ఆగడం నేను చూడలేను.

ఇలాంటి రాతల చివర సాయం చేసినవాళ్ళకి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పడం పద్ధతి. పేర్లు బయటపెడితే వాళ్ళకీ చిక్కే కాబట్టి నేను పిలిచే పిలుపులే రాస్తున్నాను. గడువు దాటినా పుస్తకం వెనక్కి అడగని గ్రంథాలయం తాతగారికి. ప్రతిసారీ ఓపిగ్గా రంగుల పేర్లు చెప్పిన సాలువా దీదీకి. ఏటవాలుగా కోస్తే బట్ట ఎందుకు సాగుతుందో కత్తెర చేతికిచ్చి చూపించిన టైలర్ దాదాకి. నా రాతని వెక్కిరిస్తూనే, తీసేసిన పేజీలని చెత్తలో పడనివ్వకుండా తన చీరల మధ్య దాచిన అత్తకి. వ్యానుని వెనక్కి పంపిన మా ఆయనకి.

సంతకం పెట్టింది ఆయనే కదా, ఆ ఇన్‌చార్జికి కూడా ఒక మాట చెప్పమంటున్నాడు మా ఆయన. చెప్పను.

ఆఖరుగా మా అమ్మాయికి. ఇది ఎవరికీ చూపించే ముందు దానికిచ్చాను. చదివి, తన గురించి రాసిన రెండు చోట్ల కొట్టేసి ఇచ్చింది. ఆ రెండూ నిజాలే. వాటిని నేను మళ్ళీ రాయలేదు.